తెలిసి ఏం చేస్తారు?

2019 జూన్ నెలలో ఉడుపిలో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు పేరు వరుణ్, పెళ్ళికూతురు పేరు వర్ష. ఇద్దరూ కప్పలే. వానలు మొహం చాటేశాయని, కప్పలకు పెళ్ళి చేస్తే వరుణదేవుడు కరుణిస్తాడని ఊళ్ళోవాళ్ళు పూనుకుని చేశారు. పత్రికలు ఫొటోలతో సహా వేశాయి. అందులో నాకు పట్టుకున్న సంగతి వేరే వుంది. పెళ్ళికి ముందు ఆ రెండిటినీ మణిపాల్‌లో జంతుశాస్త్రం చదువుకున్నవాళ్ళకు చూపించి, ఒకటి ఆడది, ఒకటి మగది అని రూఢి చేసుకున్నారట.

చదివి నవ్వుకున్నాను. కాసేపటికి, నిజమే గదా అనిపించింది. రెండూ మగవే అయితే తాళి ఎవరికి కడతారు? వాళ్ళు ముందుగా అడిగి తెలుసుకున్నారు. మా వైపు ఆ మాత్రం విచారణ కూడా లేదు.

మా వైపు అంటే మార్కాపురం, గిద్దలూరు, రాచర్ల. నల్లమల కళ్ళెదురుగానే కనిపిస్తూ వుంటుంది. వాన మాత్రం, ఆ కొండమీద కురిసి అటునుంచి అటే పోతుందా అనిపిస్తుంది. చినుకు పడని యేడు ఊళ్ళల్లో కప్పతల్లి ఆట ఆడతారు. ఎక్కడో ఒక కప్పను పట్టి, గుడ్డలో కట్టి, రోకలికి వేలాడదీసి, చుట్టూ వేపమండలు పెట్టి ఇద్దరు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిప్పుతారు. ప్రతి ఇల్లాలూ కడవెడు నీళ్ళు దానిమీద కుమ్మరించి, చేటలో ఇన్ని గింజలు పోస్తుంది. పాటలు పాడతారు. ఆ రోకలికి వేలాడేది ఆడదో మగదో ఒక్కరైనా తిప్పి చూస్తారా? చూడరు. చూడకుండానే తల్లి అనేస్తారు. నిజానికి వానకు గొంతు చించుకుని అరిచేది మగకప్ప. ఆడకప్పకు సాధారణంగా అంత గొంతు లేదు. పిలిచింది ఒకరు, పేరు ఒకరికి, రోకలికి వేలాడేది చేతికి దొరికినవాళ్ళు. సంసారాల్లోనూ ఇలాంటివి జరుగుతూనే వుంటాయి గానీ, అదలా వుంచండి.

నాకీ విచారమంతా కలగడానికి కారణం రాచర్లలో మా తమ్ముడింట్లో వున్న ఒక చెట్టుకప్ప.

చెట్టుకప్ప అన్నంత మాత్రాన చెట్టుమీదే వుండాలని లేదు. మన దేశంలో మామూలుగా కనిపించే చెట్టుకప్పకు స్నానాలగది అంటే మహా ఇష్టం. గోధుమరంగు వొళ్ళు, తొడల వెనకవైపు పసుపుచుక్కలు, వేళ్ళ చివర బొట్టుబిళ్ళల్లాంటి మెత్తలు. ఆ మెత్తలతో గోడకూ అద్దానికీ నిలువునా అంటుకుపోతుంది. పగలంతా తువ్వాళ్ళ కొక్కెం వెనక కాళ్ళు ముడుచుకుని, గోడకు ఎవరో మట్టిముద్ద కొట్టినట్టు పడుకుంటుంది. సాయంత్రం లైటు వెయ్యగానే పురుగుల వేటకు లేస్తుంది. మా తమ్ముడి పెద్దకూతురు ఎనిమిదేళ్ళది, ఆ కప్పను తను పెంచుకుంటున్నానంటుంది. పెంచడమంటే డబ్బాలో పెట్టడం కాదు. బాత్రూములో ఫినాయిలు పొయ్యనివ్వదు, కిటికీ మూయనివ్వదు, వేణ్ణీళ్ళ బకెట్టు ఆ గోడ పక్కన పెట్టనివ్వదు. అంతే. దానికి రాజు అని పేరు పెట్టింది.

ఆర్నెల్లు రాజు హాయిగా వున్నాడు. ఆ తరవాత బళ్ళో ఎవరో అడిగారట, "రాజు అంటున్నావు, మగదని నీకెట్ట తెలుసు?" అని. నేను ఆ వారం అక్కడే వున్నాను. సంచీ మూల పడేసి పరుగున వచ్చింది.

"అత్తా, మన కప్ప ఆడదా, మగదా?"

మా తమ్ముడు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాడు. నవలలు రాసే అత్తకన్నా వాడు నయమని అటు తోసేశాను. వాడు చెప్పినవి నేనూ విన్నాను. చాలా బాగున్నాయి.

ఈ జాతిలో ఆడది పెద్దది, మగది చిన్నది. మగది రెండంగుళాలుంటే ఆడది మూడంగుళాల దాకా పెరుగుతుంది. వినడానికి తేలికే. కానీ పక్కన ఇంకొకటి లేకుండా ఒంటిగా కూర్చున్న కప్పను చూసి పెద్దదనీ చిన్నదనీ ఎట్లా అనడం? పైగా వయసులో వున్న మగదీ, ఇంకా ఎదగని ఆడదీ ఒకే కొలతకు రావచ్చు. అందుకని రెండో గుర్తు చూడాలి. మగకప్పకు ముందుకాలి లోపలి వేలు మొదట్లో, జతకట్టే రోజుల్లో గరుకైన మెత్త ఒకటి లేస్తుంది. ఆడదాని వీపుమీంచి జారిపోకుండా పట్టు కోసం. ఆ రోజులు దాటగానే అది తగ్గిపోతుంది. మూడోది గొంతు. మగదాని గొంతుకింద చర్మం వదులుగా వుంటుంది, అరిచేటప్పుడు గాలి నింపుకుని ఉబ్బుతుంది. కొన్ని జాతుల్లో ఆ గొంతు నల్లబడుతుంది కూడా. ఇక నాలుగోది అరుపు. అరిస్తే మగదే అనుకోవచ్చు. మరి అరవకపోతే? ఆడదైనా కావచ్చు, వయసు రాని మగదైనా కావచ్చు, ఆ రాత్రి అరవాలని బుద్ధి పుట్టని మగదైనా కావచ్చు.

ఎవరూ అడక్కుండా చాటుకునేవీ లేకపోలేదు. తొలకరి పడగానే మడుగుల్లో బోదురుకప్పలు చూశారా? మగవి ఒంటినిండా పసుపు పూసుకున్నట్టు పచ్చగా మారి, గొంతుకు రెండు పక్కలా నీలంరంగు తిత్తులు ఉబ్బించుకుని కూర్చుంటాయి. పెళ్ళిపందిట్లో మగపెళ్ళివారు గుర్తొస్తారు. నాలుగురోజులు పోతే మళ్ళీ ఆ మట్టిరంగే. మన బాత్రూము కప్పకు అలాంటి ఆర్భాటం లేదు. చిన్నతనంలో అయితే పైకి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

"మరి ఎప్పుడు తెలుస్తాది నాన్నా?"

"అది చెప్పినప్పుడు."

"అప్పటిదాకా ఏమని పిలవాల?"

"కప్పా అని పిలువు."

పిల్లకు నచ్చలేదు. తను కొలతబద్ద తెచ్చి, గోడమీద కప్ప పక్కన పెట్టి, కప్ప కదిలితే తనూ కదిలి, చివరికి రెండున్నర అంగుళాలని తేల్చింది. అటూ కాదు, ఇటూ కాదు. కాసేపు ఆలోచించి, అయితే ఆడదే అని తీర్మానించింది. రాజు ఆ సాయంత్రం రాణి అయింది.

అసలు నేను చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. ఆ రాత్రి భోజనాలయ్యాక పిల్ల లేచి వెళ్ళి బాత్రూము కిటికీ మూసేసి వచ్చింది. ఆర్నెల్లుగా ఎవరు మూసినా ఏడ్చి గోల చేసిన పిల్ల! ఎందుకు మూశావే అంటే, "రాత్రిపూట బయట పాములుంటాయి గదా, ఆడది గదా" అంది. మా తమ్ముడు పగలబడి నవ్వాడు. మా మరదలు నవ్వలేదు. లేచి వెళ్ళి కిటికీ తీసి వచ్చింది.

అదే కప్ప, అదే గోడ, అవే పాములు. మారింది ఒక్క మాట. ఎనిమిదేళ్ళ పిల్లకు ఇది ఎవరు నేర్పారు? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అన్నంతో పాటు తిన్నది.

అమెరికాలో వున్న నా స్నేహితురాలింట్లో పిల్లలు ఆస్ట్రేలియా జాతి ఆకుపచ్చ చెట్టుకప్పను గాజుతొట్టెలో పెంచుతున్నారు. బాగా చూసుకుంటే పదిహేనేళ్ళు దాటి కూడా బతుకుతుందట. దుకాణంలో అమ్మేవి చిన్నపిల్లలు గనక ఆడో మగో అమ్మేవాడూ చెప్పలేడు. అయినా కొనేవాళ్ళు కొందరు ఆడది కావాలని అడుగుతారుట. ఎందుకంటే ఆడది రాత్రిళ్ళు అరిచి నిద్ర చెడగొట్టదు! నోరు మెదపని ఆడదానికి గిరాకీ వుండే చోటు అదొక్కటే కాదులెండి. కానీ ఆ మౌనం వెనక ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. మడుగుచుట్టూ మగకప్పలు పోటీపడి అరుస్తుంటే ఆడది కదలకుండా వింటుంది. ఒక్కో గొంతునూ వేరుచేసి వింటుంది. నచ్చిన గొంతు వైపు మెల్లిగా కదులుతుంది. దమయంతి స్వయంవరంలో నలుడితో పాటు నలుగురు దేవతలే. ఇక్కడ చీకట్లో నలభై మంది. అయినా ఎంచుకోగలుగుతోంది.

ఇంకో మాట. ఆడ, మగ అన్నది గట్టు వేసినట్టు వుంటుందని మనం అనుకుంటాం. కప్పలు దానికీ పూర్తిగా వొప్పుకోవు. ఆఫ్రికాలో రెల్లుగడ్డిమీద బతికే ఒక చిన్న కప్ప జాతిలో, పెంపకంలో వున్న ఆడవి కొన్ని మగవిగా మారిపోయాయని 1989లో జర్మన్ శాస్త్రజ్ఞులు రాశారు. 2010లో అమెరికాలో టైరోన్ హేస్ అనే ఆయన, మొక్కజొన్న చేలల్లో చల్లే అట్రజిన్ అనే కలుపుమందును అతి స్వల్పంగా కలిపిన నీళ్ళలో కప్పల్ని పెంచితే, పుట్టుకతో మగవైన వాటిల్లో పదింట ఒకటి ఆడదిగా మారిందని, గుడ్లు కూడా పెట్టిందని ప్రకటించాడు. మందు తయారుచేసేవాళ్ళు వొప్పుకోలేదు, పెద్ద రభసే జరిగింది. నాకు మాత్రం, కప్పను చూసి ఆడో మగో చెప్పమంటే ఆ నీళ్ళలో మనం ఏం కలిపామో కూడా చెప్పాల్సి వస్తుందన్నమాట అనిపించింది.

ఇంతకీ ఆ రాత్రి మా మరదలు ఎందుకు నవ్వలేదు?

కప్పను గురించి అంత ఓపిగ్గా మాట్లాడుకున్న ఇంట్లోనే, అదే వారంలో, ఇంకో ప్రశ్న నడుస్తోంది. మా మరదలికి మూడో నెల. ముందు ఇద్దరూ ఆడపిల్లలు. మా అమ్మ రెండురోజుల నించీ మాట కదపడానికి సందు కోసం చూస్తోంది. మర్నాడు మధ్యాహ్నం మరదలు చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే, పక్కన చేరి తనూ నాలుగు ఏరి, మెల్లిగా అంది.

"ఈసారి ముందే చూపించుకుంటే పోతాది గదమ్మా. యాడనో చెప్తారంట. నోటితో చెప్పరంట, మిఠాయి పేరేదో అంటారంట."

మరదలు తలెత్తలేదు. "తెలిసి ఏం చేస్తారత్తయ్యా?"

"ఏం జేస్తాం. ఊరికే తెలుసుకుంటాం."

"మగపిల్లోడంటే?"

"దేవుడికి దండం పెట్టుకుంటాం."

"ఆడపిల్లంటే?"

మా అమ్మ బియ్యంలో రాయి కోసం వెతుక్కుంది. చాలాసేపు వెతుక్కుంది.

"ఆ దండమేదో ఇప్పుడే పెట్టుకోండత్తయ్యా. రెండిటికీ సరిపోతుంది" అని మరదలు చేట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా అమ్మను చూసి మీరు తొందరపడి ఏమీ అనుకోకండి. ముగ్గురు ఆడపిల్లల్ని కన్న తరవాత గానీ ఆవిడకు మగపిల్లాడు పుట్టలేదు. ఆ మధ్య సంవత్సరాల్లో ఈవిడ విన్న మాటలు నాకు కొంత తెలుసు. పడ్డ మాటల్ని కోడలు పడకూడదనే ఆవిడ తపన. ప్రేమ కూడా ఒక్కోసారి స్కానింగు సెంటరు దాకా నడిచి వెళుతుంది. ఇంకో సంగతి, ఆ ముగ్గురిలో నేను మూడోదాన్ని. ఆ రోజుల్లో ఆ యంత్రాలు మా ఊళ్ళ దాకా వచ్చి వుంటే ఈ పేజీలో ఇవాళ ఇంకెవరో రాసుకునేవారు.

కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చింది. 1996 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. చెప్పినవాళ్ళదీ తప్పే, చెప్పమని అడిగినవాళ్ళదీ తప్పే. ఆ చట్టం వున్నాకే జరిగిన జనాభా లెక్కల్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 2001లో 961 మంది, 2011లో 939 మంది. 'ఊరికే తెలుసుకుంటాం' అన్న మాట ఎంత దూరం పోతుందో ఆ రెండు అంకెల మధ్య తేడాలో వుంది.

ఇక్కడొక వాదం వుంది, కొట్టిపారెయ్యలేనిది. తెలుసుకోవడంలో తప్పేముంది, తెలుసుకుని చేసే పనిలో గదా తప్పు అంటారు. ఎన్నో దేశాల్లో డాక్టర్లే చెప్పేస్తారు. వాళ్ళు కేకు కోసి లోపల గులాబీరంగో నీలంరంగో చూసుకుని చప్పట్లు కొట్టుకుంటారు. అక్కడ లేని నేరం ఇక్కడ ఎలా వచ్చింది? జ్ఞానానికి గంతలు కట్టే చట్టం నాగరికులు చేసుకోవాల్సిన చట్టమేనా?

నాకు ఈ వాదం సగమే సబబు. చట్టమే చూడండి, అన్ని తలుపులూ మూసెయ్యలేదు. వంశంలో వచ్చే జబ్బులున్నచోట పరీక్షలకు వీలిచ్చింది. హీమోఫీలియా అనే జబ్బు వుంది, దెబ్బ తగిలితే నెత్తురు గడ్డకట్టదు. తల్లి ద్వారా వచ్చినా ఎక్కువగా మగపిల్లలకే పడుతుంది. అక్కడ ఆడా మగా అన్న ప్రశ్నకు పని వుంది, ఆ జవాబు బిడ్డ కోసం. ఉడుపిలో కప్పల పెళ్ళివారికి పని వుంది, వాళ్ళ నమ్మకం వాళ్ళది. మా మేనకోడలికీ పని వుంది, పేరు పెట్టాలి. ఏ పనీ లేకుండా 'ఊరికే' అడిగే ప్రశ్న మాత్రం నాకు ఇంతవరకూ కనబడలేదు. ఊరికే అన్నవాళ్ళ చేతుల్లోనే ఎక్కువ పనులు కనబడ్డాయి. గంతలు జ్ఞానానికి కట్టారని ఎందుకనుకోవాలి? పాఠం పూర్తిగా నేర్చుకోని చేతికి కత్తి ఇవ్వకపోవడం ఏ ఇంట్లోనైనా వున్నదే. సిగ్గుపడాల్సిన సంగతి చట్టం వుండటం కాదు, ఇన్నేళ్ళయినా దాంతో పనిపడటం.

కప్పలకూ గర్భిణులకూ సంబంధమేమిటి, ఎక్కడిదో ఎక్కడికో అతికిస్తోందీవిడ అనుకుంటున్నారేమో. నిజమైన సంబంధమే ఒకటి వుంది. 1930ల నుంచి దాదాపు 1960ల దాకా ఎన్నో దేశాల ఆస్పత్రుల్లో కడుపు అవునో కాదో చెప్పింది కప్పే. లాన్స్‌లాట్ హోగ్‌బెన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దక్షిణాఫ్రికాలో వుండగా, అక్కడి ఆడకప్ప శరీరంలోని హార్మోన్ల తీరు కనిపెట్టాడు. దాన్ని బట్టి ఈ పరీక్ష వచ్చింది. గర్భిణి మూత్రం నుంచి తీసినది సూదితో ఎక్కిస్తే ఆ కప్ప మర్నాటికల్లా గుడ్లు పెడుతుంది. గర్భం లేకపోతే పెట్టదు. కప్పను చంపనక్కర్లేదు, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ వాడుకోవచ్చు. ఎంతమంది ఆడవాళ్ళకు ఆ శుభవార్త ముందుగా ఒక ఆడకప్ప చెప్పిందో! కడుపు అని చెప్పేది, అంతే. ఆడా మగా అంటే చెప్పేది కాదు. ఎక్కడ ఆగాలో దానికి తెలుసనిపిస్తుంది నాకు.

మా మరదలు ఎక్కడికీ వెళ్ళలేదు, ఎవరూ తీసుకెళ్ళలేదు. నెలలు నిండి సుఖంగా కన్నది. ఇంతకీ ఏం పుట్టారని ఇది చదివేవాళ్ళలో చాలామంది ఈపాటికి మనసులో అడిగేసే వుంటారు. మొన్న గిద్దలూరు రైల్లో కూడా ఒకావిడ అడిగింది. తల్లీబిడ్డా కులాసాగా వున్నారని చెప్పాను. "అది సరే, ఏం పుట్టారు?" అంది. మూడు కిలోలు పుట్టారన్నాను. ఆవిడకు కోపం వచ్చి కంభం దాకా నాతో మాట్లాడలేదు. మీకూ కోపం వస్తే రానివ్వండి.

కప్ప సంగతి మాత్రం దాచను. ఆ యేడు ఆలస్యంగానైనా వాన పడింది. పడ్డ మూడోరోజు రాత్రి బాత్రూము కిటికీ అవతలి నుంచి టకటకమని, కర్రతో కర్రను కొట్టినట్టు అరుపు. మన గోడమీద కప్ప కిటికీ చువ్వమీదికి ఎక్కి కూర్చుంది. ఉలకలేదు, పలకలేదు. తెల్లారేసరికి గోడమీద లేదు. పెరట్లో సిమెంటుతొట్టి లోపలి గోడకు, నీళ్ళకు జానెడు పైన, సబ్బునురగ ముద్ద అతికించినట్టు తెల్లగా ఏదో వుంది. చెట్టుకప్ప గూడు అదే. గుడ్లు ఆ నురగలో వుంటాయి. పైన ఎండి పెంకు కట్టినా లోపల తడిగా వుంటుంది, పిల్లలు తోకలతో కిందికి జారి నీళ్ళలో పడతాయి. ఆ తొట్టిలో నీళ్ళు ముంచడానికి వీల్లేదని పిల్ల కాపలా కూర్చుంది. మా అమ్మ రోజూ రెండు బిందెలు వీధిపంపు నించి మోసుకొచ్చుకుంది, తిట్టుకుంటూనే.

తోకకప్పలు తొట్టిలో పడ్డాక పిల్ల వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నూట అరవై దగ్గర కలిసిపోయాయట. మళ్ళీ ఒకటి నించి మొదలుపెట్టింది.